కాందిశీకుడా, శరణార్థా?

సందేహం: మాస్టారికి నమస్కారం. నేను లా చదువుతున్నాను. మా సెమినార్ కరపత్రంలో ‘అంతర్జాతీయ చట్టం – కాందిశీకుల హక్కులు’ అని రాస్తే, లెక్చరర్ గారు ‘కాందిశీకులు’ కొట్టేసి ‘శరణార్థులు’ అని దిద్దారు. పాత మాటట, ఎవరికీ తెలియదట. రెండూ ఒకటేనా? కాందిశీకుడంటే దిక్కులేనివాడేనా?
– ఒక విద్యార్థిని, సీతమ్మధార, విశాఖపట్నం

సమాధానం: అమ్మా, ఎవరికీ తెలియదన్న మాట విశాఖలోనే వినవలసి రావడం కష్టంగా ఉంది. కంచరపాలెం వెళ్ళి బర్మా క్యాంప్ ఎక్కడని అడగండి, ఏ ఆటో అతనైనా చూపిస్తాడు. మన ఉత్తరాంధ్ర పెద్దవాళ్ళకు ‘రంగం’ అంటే నాటకరంగం కాదు, రంగూన్. 1942లో జపాన్ దాడికి జడిసి కొండలూ అడవులూ పడి నడిచొచ్చినవాళ్ళూ, 1960లలో అక్కడి సైనిక ప్రభుత్వం దుకాణాలు జాతీయం చేశాక ఓడెక్కి వచ్చినవాళ్ళూ మనకు కాందిశీకులే. సర్కారు కాగితాల్లో ఆ రెండోవాళ్ళు ‘రిపాట్రియేట్లు’, అంటే స్వదేశానికి తిరిగొచ్చినవాళ్ళు. ఆ మాటకు మనవాళ్ళ నోరు తిరగలేదు.

ఇక మాట పుట్టుక. ‘కాం దిశం’ అంటే ‘ఏ దిక్కుకు’ అని. ‘ఏ దిక్కుకు పోదును’ అంటూ పరుగెత్తేవాడు కాందిశీకుడు. మనుషులకు ఊరిని బట్టి, పనిని బట్టి పేర్లు వస్తాయి. వీడికి నోట్లో ఉన్న ప్రశ్నే పేరైపోయింది! సంస్కృత నిఘంటువు ‘అమరకోశం’ రాసిన అమరసింహుడు రెండు మాటల్లో తేల్చేశాడు: ‘కాందిశీకో భయద్రుతః’. భయంతో పరుగెత్తినవాడు. ఇప్పుడు రెఫ్యూజీల మీద 1951 జెనీవా ఒప్పందం తీయండి, మీ సిలబస్‌లోదే. జాతి, మతం, జాతీయత, సామాజిక వర్గం, రాజకీయ అభిప్రాయం, వీటిలో దేనివల్లనైనా తనను హింసిస్తారన్న, ఆధారమున్న భయంతో స్వదేశం వెలుపల ఉన్నవాడు రెఫ్యూజీ. కారణాలు పక్కన పెడితే మిగిలేదేమిటి? భయం, దాటి రావడం. అమరం వల్లెవేసిన వాళ్ళు జెనీవాలో ఉన్నారని అనను గానీ, లెక్క సరిపోయింది.

శరణార్థి అన్న మాటలో ఆ భయమూ లేదు, పరుగూ లేదు. శరణమంటే ఇల్లు, రక్షకుడు. అది కోరేవాడు శరణార్థి. పోతన గజేంద్రుడు ‘ఈశ్వరు నే శరణంబు వేడెదన్’ అన్నప్పుడు కాలు మొసలి నోట్లో ఉంది. ఎక్కడికి పరుగెత్తుతాడు? అతడు శరణార్థే గాని కాందిశీకుడు కాడు. విభీషణుడు సముద్రం దాటాడు, నిజమే. కానీ ఏ దిక్కుకు పోవాలో ఆయనకు బాగా తెలుసు. (గూఢచారేమోనని సుగ్రీవుడు అడ్డుపడ్డాడు. సరిహద్దు చెకింగ్ ఇప్పటిదేం కాదు.) వీరశైవుల ‘శరణు శరణార్థి’ వట్టి పలకరింపు.

ఈ తేడా చట్టానికి అక్కరకొస్తుంది. దరఖాస్తు పెట్టుకుని జవాబు కోసం చూసేవాడు అర్థి. రెఫ్యూజీ అలా కాదు. భయంతో దాటిన క్షణానే వాడు రెఫ్యూజీ, గుర్తింపు కాగితం ఆ సంగతిని చాటుతుందంతే. అందుకని మొదటివాణ్ణి శరణార్థి అనీ, రెండోవాణ్ణి కాందిశీకుడనీ అనడం నాకిష్టం. ఇంకో సుఖం, అమరుడు దేనికి భయమో చెప్పలేదు. సముద్రం పైకొస్తోందని కిరిబాటి దీవుల మనిషి న్యూజిలాండ్‌లో ఉండనివ్వమంటే ఒప్పందం నిర్వచనంలో పట్టలేదు. 2020లో వెలువడిన నిర్ణయంలో ఐరాస మానవ హక్కుల కమిటీ కూడా అతనికి అనుకూలంగా చెప్పలేదు, వాతావరణ ముప్పు వల్ల మనిషిని వెనక్కి పంపకూడని పరిస్థితి రావచ్చని మాత్రం ఒప్పుకుంది. కాందిశీకుడన్న మాటలో అతను హాయిగా పడతాడు.

దిక్కులేనివాడా అన్నారు. ‘నీవే దిక్కు’ అనడంలోని ఆసరా తెలుగు దిక్కుది, ‘కాం దిశం’లోని దిశది కాదు. కాందిశీకుడు దిక్కు తోచనివాడు. దిక్కు లేకపోవడం అతను చేరిన దేశాన్ని బట్టి ఉంటుంది. మన దేశం 1951 ఒప్పందంలో చేరలేదు. అయినా మన రాజ్యాంగంలో ప్రాణానికి రక్షణనిచ్చే 21వ అధికరణం విదేశీయుడికీ వర్తిస్తుందని 1996లో, తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన చక్మాల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

వీళ్ళందరినీ కలిపి ‘అక్రమ వలసదారులు’ అనే టీవీ తెలుగు మీద నాకు కోపం. అక్రమం వచ్చిన దారికి చెప్పాలి, మనిషికి కాదు.

శరణార్థే ఇప్పుడు వాడుకలో స్థిరపడింది, తప్పనను. మార్కుల టెన్షన్ ఉంటే దిద్దిందే ఉంచండి. అచ్చుకు వెళ్ళేముందు మాత్రం అది ‘శరణార్ధి’ కాకుండా చూసుకోండి. అక్కడ ఉండాల్సింది థ.