బటర్‌వర్త్ ఆరు పాటలు: ఆరోదానితో మొదలుపెట్టండి

ఇంగ్లీషు స్వరకర్త జార్జ్ బటర్‌వర్త్ ‘సిక్స్ సాంగ్స్ ఫ్రమ్ ఎ ష్రాప్‌షైర్ లాడ్’ విన్నానని, ఆరూ ఒకేలా అనిపించాయని, ఇవి మొదటి ప్రపంచ యుద్ధం మీద రాసినవేనా అని అడిగారు.

యుద్ధం మీద రాసినవి కావు. ఈ పాటల మాటలు ఇంగ్లీషు కవి హౌస్‌మన్ కవితలు, అవి 1896లో అచ్చయ్యాయి; వాటికి బటర్‌వర్త్ కట్టిన బాణీలు 1911లో వచ్చాయి. 1916 ఆగస్టులో, 31 ఏళ్ల వయసులో, బటర్‌వర్త్ మొదటి ప్రపంచ యుద్ధంలోనే, ఫ్రాన్స్‌లో జరిగిన సోమ్ పోరులో చనిపోయాడు. అది తెలిశాక ఐదో పాట జోస్యంలా వినిపిస్తుంది. ఇంగ్లండ్‌లోని లడ్లో అనే ఊరి సంతకు వందల మంది కుర్రాళ్లు వస్తారు. వీళ్లలో ముసలితనం చూడకుండా పోయేదెవరో ముందే తెలిస్తే ఆపి పలకరించేవాణ్ణే అంటాడు కవి. బాణీ మాత్రం తేలిగ్గా ఊగుతూ సాగుతుంది. అందుకే ఎక్కువ బాధేస్తుంది.

ఒకేలా అనిపించడం నాకూ జరిగింది. చిన్నప్పటి నుంచి కర్ణాటక సంగీతం విన్న చెవి కదా, సంగతుల కోసం ఎదురుచూసేది. ఇక్కడ దాదాపు అక్షరానికో స్వరం, అంతే. చాలాకాలం వంట చేసుకుంటూ విన్నాను, ఏమీ పట్టలేదు. బర్మింగ్‌హామ్‌లో చదువుకునే రోజుల్లో ఒక చర్చిలో మధ్యాహ్నం కచేరీకి వెళ్తే కవితలు అచ్చువేసిన కాగితం చేతికిచ్చారు. అది చూస్తూ విన్నాక గానీ ఆరో పాట, ‘ఈజ్ మై టీమ్ ప్లవింగ్’, నాకు అర్థం కాలేదు. టీమ్ అంటే ఆటగాళ్ల జట్టు అనుకున్నాను. కాదు, దుక్కి దున్నే గుర్రాల జత!

చనిపోయిన రైతు కుర్రాడు అడుగుతుంటాడు: నా గుర్రాలు దున్నుతున్నాయా, ఫుట్‌బాల్ ఆడుతున్నారా, నేను ప్రేమించిన పిల్ల ఏడుపు మానిందా? బతికున్న స్నేహితుడు జవాబిస్తాడు. పాడేది ఒక్కరే. చచ్చిపోయినవాడి గొంతు సన్నగా, గాలిలో తేలినట్టు వస్తుంది, కింద పియానో కార్డ్స్ (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) మెల్లగా దిగుతుంటాయి. జవాబు మాత్రం గట్టిగా, కాస్త తొందరగా వస్తుంది. ఆ తొందర ఎందుకో చివరి చరణంలో బయటపడుతుంది: ఆ పిల్ల ఇప్పుడు ఇతని పక్కన ఉంది.

ఇదే కవితకు వాన్ విలియమ్స్ అనే మరో ఇంగ్లీషు స్వరకర్త 1909లో, టెనర్ గొంతుకు (మగవాళ్ల హెచ్చు స్థాయి గొంతు) పియానో, నాలుగు తంత్రీ వాద్యాలు జతచేసి బాణీ కట్టాడు. ఫుట్‌బాల్ చరణాలు రెండూ తీసేశాడు. హౌస్‌మన్‌కు కోపం వచ్చింది. నేను హౌస్‌మన్ పక్షమే. ఆటల గురించి మామూలుగా మాట్లాడుతూ మాట్లాడుతూ పిల్ల సంగతికి రావాలి, అప్పుడే గుండె జారుతుంది. బటర్‌వర్త్ ఆ రెండూ ఉంచాడు.

కాబట్టి కవిత ముందు పెట్టుకుని ఆరోది వినండి. తర్వాత మొదటిది, తెల్లగా పూసిన చెర్రీ చెట్టు పాట. డెబ్బై ఏళ్లలో ఇరవై పోయాయి, యాభై వసంతాలు ఏం సరిపోతాయి అని లెక్క వేసుకునే కుర్రాడి పాట అది. ఒక్క మాట: ఆరో పాటలో గాయకుడు ఆగగానే ప్లేయర్ ఆపేయకండి. చచ్చిపోయినవాడి కార్డ్స్ ఇంకోసారి వస్తాయి.