హాంకాంగ్ ప్రయాణంలో ముందుగా కొండకు చోటివ్వండి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నవంబరులో నేను, నా భార్య అయిదు రోజుల కోసం హాంకాంగ్ వెళ్తున్నాము. మా ఇద్దరికీ దుకాణాల మీద ఆసక్తి లేదు. నడక, కొండలు, తోటలు ఇష్టం. వెళ్ళివచ్చిన వారిని అడిగితే "అక్కడ భవనాలు తప్ప ఏముంది?" అంటున్నారు. టిక్కెట్లు కొనేశాము. ఊరి ఎంపికలో పొరపాటు చేశామా? ఈ అయిదు రోజులను ఎలా అమర్చుకుంటే బాగుంటుంది?
– ఒక పాఠకుడు

జవాబు: పొరపాటేమీ లేదండీ. మీ అభిరుచికి ఇంతగా సరిపోయే మహానగరాలు చాలా తక్కువ. హాంకాంగ్ భూభాగంలో సుమారు 40 శాతం "కంట్రీ పార్కులు", ఇతర రక్షిత ప్రాంతాల కింద ఉంది. 1976లో వచ్చిన చట్టంతో ఈ పార్కుల ఏర్పాటు మొదలైంది. నిజానికి అక్కడి భవనాలు అంత ఎత్తుకు లేవడానికి కారణం కూడా ఆ కొండలే. చదునైన నేల కొద్దిగానే ఉండడం వలన జనం ఉన్న చోటనే పైపైకి కట్టుకుంటూ పోయారు. "భవనాలు తప్ప ఏముంది" అన్నవారు తీరం వెంబడి తిరిగి వచ్చేసి ఉంటారు. అక్కడి నుండి అరగంట బస్సు ప్రయాణం చేసి ఉంటే ఆ మాట అనేవారు కారు.

చాలామంది ముందు టిక్కెట్టు ఉన్న వినోదాలన్నీ రాసుకుని, నడకను "సమయం మిగిలితే చూద్దాం" అని చివరి రోజుకు నెడతారు. అప్పటికి కాళ్ళు అలసిపోతాయి, ఆకాశం మబ్బు పడుతుంది, కొండ అలాగే మిగిలిపోతుంది. మీరు దీన్ని తిరగేయండి. అయిదు ఉదయాలలో రెండింటిని కొండలకే కేటాయించండి, కానీ వాటికి ముందుగా తేదీలు వేయకండి. ముందు రోజు రాత్రి హాంకాంగ్ అబ్జర్వేటరీ వారి వాతావరణ సూచన చూసి, ఆకాశం తేటగా ఉంటుందన్న ఉదయాన్ని కొండకు ఇచ్చి, మిగిలిన పనులను దాని చుట్టూ సర్దుకోండి. అక్టోబరు నుండి డిసెంబరు వరకు గాలి పొడిగా, ఎండ మృదువుగా ఉండే కాలం కాబట్టి నవంబరు ఎంచుకోవడం మీకు బాగా కలిసి వచ్చింది.

మొదటి కొండగా డ్రాగన్స్ బ్యాక్ అనే దారినే నేను చెబుతాను. పీక్ (విక్టోరియా పీక్ అనే కొండ) నుండి బిగ్ వేవ్ బే వరకు 50 కిలోమీటర్లు సాగే హాంకాంగ్ ట్రెయిల్‌లో ఇది ఎనిమిదవ, అంటే చివరి భాగం. పొడవు ఎనిమిదిన్నర కిలోమీటర్లు. మెట్రోలో షావ్ కీ వాన్ స్టేషన్‌కు వెళ్ళి, బయట 9వ నంబరు బస్సు ఎక్కి, టో టే వాన్ అనే స్టాపులో దిగాలి. అక్కడి నుండి పొదల మధ్య మెట్లు, రాళ్ళ దారి. మొదటి అరగంట కొంత ఆయాసం తప్పదు. ఆ తరువాత ఒక మలుపు తిరగగానే పొదలు మోకాలి ఎత్తుకు తగ్గిపోయి, దారి కొండ వెన్ను మీదికి వస్తుంది. కుడిచేతి వైపు చాలా కింద షెక్ ఓ గ్రామం, ఇసుక తీరం, అలల తెల్లని అంచు కనిపిస్తాయి. ఎడమవైపు టై టామ్ అఖాతం. దారి ఎత్తుపల్లాలుగా, ఊపిరి తీసుకుంటున్న జంతువు వీపులా పోతుంది కనుక ఆ పేరు ఎందుకు పెట్టారో ఎవరూ వివరించనక్కర లేదు. షెక్ ఓ శిఖరం ఎత్తు 284 మీటర్లే, అయినా చుట్టూ సముద్రమే ఉండడం వలన ఎంతో పైకి వచ్చిన భావన కలుగుతుంది. అక్కడ తొందరపడకండి. గాలి పెద్దగా ఉంటే టోపీ చేతిలో పట్టుకుని, కాసేపు కూర్చోండి. ఆ తరువాత దారి చెట్ల నీడలోకి దిగి, చాలా దూరం చదునుగా సాగి, బిగ్ వేవ్ బే సముద్ర తీరంలో ముగుస్తుంది. నెమ్మదిగా నడిచినా మూడు, మూడున్నర గంటలు చాలు. కొండ మీద మొదలైన నడక చివర కాళ్ళు సముద్రపు నీటిలో పెట్టగలగడమే ఈ దారిలో నాకు అన్నిటికన్నా నచ్చిన విషయం.

వెన్ను మీద నీడ అసలు ఉండదు కాబట్టి ఉదయం ఎనిమిదికల్లా బస్సు ఎక్కండి, ఒక్కొక్కరు లీటరున్నర నీరు తీసుకువెళ్ళండి. కంట్రీ పార్కుల నడక దారులలోని చెత్తకుండీలను 2017 చివరికల్లా తీసివేశారు. ఎవరి చెత్త వారు వెనక్కి తెచ్చుకోవాలి. అందుకోసం సంచిలో ఒక ఖాళీ కవరు పెట్టుకోండి.

రెండవ ఉదయానికి, కాళ్ళలో సత్తువ ఉంటే, 495 మీటర్ల లయన్ రాక్ ఉంది. అక్కడి మెట్లు నిటారుగా ఉంటాయి, కానీ ఓడరేవుకు ఉత్తరాన ఉన్న కౌలూన్ ప్రాంతపు భవనాలన్నీ ఒక్కసారిగా పాదాల కింద పరుచుకుంటాయి. 100 కిలోమీటర్ల మెక్‌లహోస్ ట్రెయిల్ పేరు మీరు వినే ఉంటారు. దానిని ఈసారికి వదిలేయండి. అందులోని పొడవైన భాగాలు దాదాపు ఒక పూర్తి రోజును అడుగుతాయి.

తోటల విషయానికి వస్తే, కొండ ఎక్కిన మర్నాడు తోటకు వెళ్ళడం శరీరానికీ మనసుకూ మంచిది. డైమండ్ హిల్ స్టేషన్ పక్కనే ఉన్న నాన్ లియన్ ఉద్యానవనం చైనా టాంగ్ వంశ కాలపు శైలిలో, 3.5 హెక్టార్లలో 2006లో సిద్ధమైంది, ప్రవేశం ఉచితం. దారి ఒకే దిశలో చుట్టి వస్తుంది. ప్రతి వంపులోనూ ముందున్నది కొంత దాచి, కొంత చూపేలా చెట్లనూ రాళ్ళనూ అమర్చారు కనుక ఇక్కడ వేగంగా నడిచేవారికి ఏమీ దక్కదు. మధ్యలో చెరువు మీద బంగారు రంగు మండపం, దాన్ని చేరే ఎర్రని వంతెనలు ఉన్నాయి. పక్కనే చి లిన్ బౌద్ధ భిక్షుణుల ఆరామం ఉంది. దాని దారు మందిరాలను ఇనుప మేకులు వాడకుండా, కొయ్యకు కొయ్య బిగించి కట్టారు.

రెండవది, సెంట్రల్ ప్రాంతంలోని జంతు, వృక్ష ఉద్యానవనం. 1864లో ప్రజల కోసం తెరిచారు. మీరు వెళ్ళే నెలలోనే హాంకాంగ్ కాంచనం పూత మొదలుపెడుతుంది. జెండా మీద ఉన్న పువ్వు అదే. ఊదా కలిసిన గులాబీ రంగులో అయిదు రేకులు, ఒంటె గిట్టలా రెండుగా చీలిన ఆకు. మనకు తెలిసిన దేవకాంచనానికి దగ్గరి బంధువు, రెండు కాంచన జాతుల సంకరం. అది విత్తనం కట్టదు. ఇప్పుడున్న చెట్లన్నీ అంట్లు, కొమ్మల ద్వారా మనుషులు పెంచుకుంటూ వచ్చినవే. రాలిన ఆకు ఒకటి తీసి మధ్య ఈనె మీద మడిచి చూడండి, రెండు సగాలు ఒకదానిపై ఒకటి సరిగ్గా కూర్చుంటాయి.

ప్రశ్న: మా అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు. ఆవిడను తీసుకుని హాంకాంగ్ వెళితే పైనుండి కనిపించే దృశ్యాలు ఆవిడకు దక్కుతాయా?
– ఒక పాఠకురాలు

జవాబు: తప్పకుండా దక్కుతాయమ్మా. 1888 నుండి నడుస్తున్న పీక్ ట్రామ్ అనే కొండ రైలులో గానీ, సెంట్రల్ నుండి 15వ నంబరు బస్సులో గానీ పైకి చేరితే ఎక్కవలసిన పని ఉండదు. అక్కడ టిక్కెట్టు కొని ఎక్కే వేదిక కన్నా లుగార్డ్ రోడ్డు ఎంతో మేలు. అది ఉచితం, రద్దీ తక్కువ, మెట్లు లేవు. హార్లెక్ రోడ్డుతో కలిపి మొత్తం చుట్టు మూడున్నర కిలోమీటర్లు, కానీ అమ్మగారు అంతా నడవనక్కర లేదు. ముందుగా ఊడలు దించిన పెద్ద రబ్బరు చెట్టు ఒకటి వస్తుంది. ఆ తరువాత ఎడంగా కొమ్మలు విడిపోయే చోట ఓడరేవు, దానికి ఇరువైపులా నగరం మొత్తం కనిపిస్తాయి. అక్కడి వరకు వెళ్ళి, వచ్చిన దారినే తిరిగి రావచ్చు. నవంబరులో సూర్యాస్తమయం అయిదు నలభై ప్రాంతంలో కాబట్టి అయిదుకల్లా చేరండి. పగటి వెలుగు, సంధ్య, దీపాలు మూడూ ఒకే చోట నిలబడి చూస్తారు. మార్చి, ఏప్రిల్ నెలల్లో మాత్రం పీక్‌ను తరచూ పొగమంచు కమ్మేస్తుంది, ఆ నెలల్లో ఆవిడను శ్రమ పెట్టకండి.

ప్రశ్న: వాన, తుఫాను హెచ్చరికలను ఎలా అర్థం చేసుకోవాలి? దారి తప్పితే ఏం చేయాలి?
– మరొక పాఠకుడు

జవాబు: వాన హెచ్చరికలు పసుపు, ఎరుపు, నలుపు అని మూడు మెట్లలో ఉంటాయి. పసుపు వచ్చిందంటేనే కొండ మానుకోండి, వాగుల దగ్గరికి అసలే వెళ్ళకండి. తుఫాను సంకేతాలు 1, 3, 8, 9, 10; మూడు ఎగరేసిన రోజున కొండ వెన్ను మీదికి వెళ్ళడం నా దృష్టిలో తగని పని, ఎనిమిది అయితే గది దాటకూడదు. ఇక దారి సంగతి. పొడవైన ట్రెయిల్స్ మీద ప్రతి 500 మీటర్లకు ఒక గుర్తు స్తంభం, దాని మీద ఒక సంఖ్య ఉంటాయి. దాటిన ప్రతి స్తంభాన్నీ ఫోనులో ఫొటో తీసుకుంటూ వెళ్ళండి. అవసరం పడి 999కు ఫోను చేస్తే ఆ సంఖ్య చెప్పడంతోనే మీరున్న చోటు వారికి తెలుస్తుంది.