నిర్బంధంలో ఉన్న కుటుంబానికి ఊరు అండగా నిలిస్తే ఫలితం ఉంటుందా?

శరణు కోరి వచ్చి ఇమ్మిగ్రేషన్ నిర్బంధంలో చిక్కుకున్న కుటుంబానికి బయటివాళ్లు పెట్టే సంతకాలు, చేసే ప్రదర్శనలు ఏమైనా పనికొస్తాయా అని అడిగారు. సంతకాల మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. ఊరు పనికొస్తుందని మాత్రం కళ్లారా చూశాను.

2018లో నేను ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో, బిలోయెలా అనే ఊళ్లో ఉండేవాణ్ణి. గ్లాడ్‌స్టోన్ రేవు నుంచి సుమారు 120 కిలోమీటర్లు లోపలికి వెళ్తే వచ్చే ఆ ఊరి జనాభా ఆరు వేలకు లోపే. మాంసం కర్మాగారం, బొగ్గు గని, నేను కాంట్రాక్టు పని చేసిన విద్యుత్ కేంద్రం తప్ప చెప్పుకోదగ్గవి లేవు. ఓటు వేయడంలో గట్టి సంప్రదాయవాద ప్రాంతం. శ్రీలంక నుంచి 2012లో ఒకరు, 2013లో ఒకరు పడవల్లో వచ్చి, ఆస్ట్రేలియాలోనే పెళ్లి చేసుకున్న తమిళ దంపతులు ఆ ఊళ్లో కాపురముండేవారు. భర్త మాంసం కర్మాగారంలో పనిచేసేవాడు. ఇద్దరు ఆడపిల్లలూ అక్కడ పుట్టినవారే అయినా, 1986 తర్వాత ఆ దేశంలో పుట్టినంత మాత్రాన పౌరసత్వం రాదు. తల్లి తాత్కాలిక వీసా గడువు ముగిసిన మర్నాడే, 2018 మార్చి 5న తెల్లవారకముందే అధికారులు వచ్చి నలుగురినీ మెల్‌బోర్న్ నిర్బంధ కేంద్రానికి తీసుకుపోయారు.

ఆ జూన్‌లో చిన్నపాపకు ఏడాది నిండబోతోంది. ఊళ్లో ఒక దుకాణానికి పాల కోసం వెళ్తే, కౌంటరు దగ్గరి పెద్దావిడ నా రంగు చూసి "మీవాళ్లేనా?" అని అడిగి, పుట్టినరోజు కార్డు ముందుకు జరిపింది. దాని మీద తెల్ల కాకటూ అనే చిలుక జాతి పక్షి బొమ్మ ఉంది. బిలోయెలా అన్న మాటకు అర్థమే అది. లోపల అప్పటికే ముప్పై నలభై పేర్లు ఉన్నాయి. పెన్ను దారంతో కౌంటరుకు కట్టి ఉంది. నేను ఆ పెన్ను ముట్టుకోలేదు. నాది కూడా తాత్కాలిక వీసాయే. ఏడాది పిల్లకు శుభాకాంక్షలు రాస్తే రేపు నా ఫైలులో ఎవరైనా చూస్తారేమోనని భయపడ్డానని చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. పాల డబ్బా తీసుకుని ఇంటికి వచ్చేశాను. రెండు రోజుల తర్వాత వెళ్లేసరికి కార్డు అక్కడే ఉంది, ఒక మూల కాస్త చోటు మిగిలి ఉంది. "శతమానం భవతి" అని తెలుగు లిపిలో రాశాను. ఆవిడ కళ్లద్దాలు సవరించుకుని, "ఇది వాళ్ల భాషేనా?" అంది. పక్క భాష అని, నూరేళ్లు బతకమని దాని అర్థమని చెప్పాను. ఇంకేమీ అడగలేదు, చిల్లర ఇచ్చింది.

అప్పట్లో నేనున్న తెలుగువారి వాట్సాప్ బృందంలో ఈ సంగతి ఎత్తితే, ఒక పెద్దమనిషి "మనం వరసలో నిలబడి వచ్చాం, వాళ్లు వరస తప్పి వచ్చారు" అని తీర్పు చెప్పేశారు. ప్రాణభయంతో పారిపోయేవారికి వరస ఎక్కడ ఉంటుందో ఆయన చెప్పలేదు. శరణు కోరేవారిని అనుమతి లేకుండా ప్రవేశించారన్న కారణంతో శిక్షించరాదని 1951 నాటి ఐక్యరాజ్యసమితి శరణార్థుల ఒప్పందం చెబుతోందనీ, ఆస్ట్రేలియా అందులో ఎప్పుడో చేరిందనీ రాస్తే, జవాబుగా నమస్కారం బొమ్మ వచ్చింది. ఉద్యోగ వీసా మీద విమానంలో దిగిన మనకు, పడవలో వచ్చినవాళ్లను చూస్తే ఎందుకంత చిరాకో నాకు ఈనాటికీ అర్థం కాదు.

కోర్టుల్లో ఆ కుటుంబం చాలాసార్లు ఓడిపోయింది. 2019 ఆగస్టు 29 రాత్రి విమానం ఎక్కించి పంపేస్తుండగా, న్యాయమూర్తి ఫోన్‌లోనే నిలుపుదల ఉత్తర్వు ఇవ్వడంతో ఆ విమానం డార్విన్‌లో దిగింది. అక్కడి నుంచి వాళ్లను పెర్త్‌కు దాదాపు 2,600 కిలోమీటర్ల దూరంలోని క్రిస్మస్ ద్వీపానికి తరలించారు. 2021 జూన్‌లో చిన్నపాపకు రక్తంలో ఇన్ఫెక్షన్ సోకి పెర్త్ ఆసుపత్రికి చేర్చాకే ద్వీపం విడిచిపెట్టారు. ఇన్నేళ్లూ సోషల్ వర్కర్ ఆంజెలా ఫ్రెడరిక్స్ వంటి ఊరి ఆడవాళ్లు "హోమ్ టు బిలో" (బిలోయెలాలోని ఇంటికి) పేరుతో వాళ్లను తిరిగి పంపమని అడుగుతూనే ఉన్నారు. ఆన్‌లైన్ సంతకాలు లక్షల్లో వచ్చాయి, కానీ నా లెక్కలో వాటికన్నా ఆ ఊరి పేరే ఎక్కువ పనిచేసింది: శరణార్థుల పక్షాన నగరంలో ఎవరు మాట్లాడినా కొట్టిపారేయగల నాయకులకు, తమకు ఓటు వేసే ఊరే "మా పక్కింటివాళ్లను మాకు తెచ్చి ఇవ్వండి" అని అడిగితే ఏం చెప్పాలో తోచలేదు. ఆ ఊరు వాళ్లను ముందే ఎరుగును కాబట్టి అడిగింది. అలా ఎరిగిన ఊరు లేనివాళ్లు ఎందరో ఇంకా లోపలే ఉన్నారు కనుక, మీరు ఎవరికైనా సాయం చేయాలనుకుంటే పిటిషన్ కంటే ముందు పరిచయం చేసుకోండి.

2022 మే ఎన్నికల్లో ప్రభుత్వం మారింది, కొత్త ప్రభుత్వం వాళ్లను ఊరికి తిరిగి రానిచ్చింది. జూన్ 10న వాళ్లు బిలోయెలా పక్కనున్న తంగూల్ విమానాశ్రయంలో దిగారు, రెండు రోజులకే చిన్నపాప అయిదో పుట్టినరోజు. ఆగస్టులో శాశ్వత వీసాలు వచ్చాయి. ఆ వార్త మా వాట్సాప్ బృందంలో పెడితే, వరస గురించి చెప్పిన పెద్దమనిషి బొటనవేలు గుర్తు పెట్టి, ఆ వెంటనే సోనామసూరి బియ్యం తక్కువ ధరకు ఎక్కడ దొరుకుతుందో ఎవరికైనా తెలుసా అని అడిగారు.