పాత మిడి ఫైళ్లు విండోస్‌లో చప్పగా వినిపిస్తున్నాయి, ఏ సాఫ్ట్‌వేర్ సింథ్ పెట్టుకోవాలి?

యమహా కీబోర్డులో ఫ్లాపీల మీద దాచిన మిడి పాటల ఫైళ్లు (శబ్దం కాకుండా ఏ నోటు ఎప్పుడు వాయించాలో రాసి ఉండే ఫైళ్లు) ల్యాప్‌టాప్‌లో వేస్తే బొమ్మ కీబోర్డు మోగినట్టు ఉందనీ, కొన్నిట్లో డ్రమ్స్ బదులు పియానో వస్తోందనీ, ఉచితంగా దొరికే సింథ్ (ఆ నోట్లను శబ్దంగా మార్చే ప్రోగ్రాం) ఏదైనా చెప్పమనీ అడిగారు. నేనూ ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించినవాణ్నే, పెళ్లి ప్రోగ్రాములకు వాడిన ఫైళ్లన్నీ ఇప్పుడు నా కంప్యూటర్‌లోనే ఉన్నాయి. ముందు సూటిగా చెప్పేస్తాను: కూల్‌సాఫ్ట్ వర్చువల్‌మిడిసింథ్ ఇన్‌స్టాల్ చేసి, అందులో జనరల్‌యూజర్ జీఎస్ అనే సౌండ్‌ఫాంట్ (వాయిద్యాల రికార్డు చేసిన శబ్దాలు, అంటే శాంపిళ్లు, ఉండే ఫైలు) పెట్టుకోండి. రెండూ ఉచితమే. చాలామటుకు ఫైళ్లకు ఇంతకు మించి అక్కర్లేదు.

విండోస్‌తో పాటు వచ్చే సింథ్‌లోని శబ్దాలు మైక్రోసాఫ్ట్ రోలాండ్ కంపెనీ దగ్గర లైసెన్సు తీసుకుని పెట్టినవి, 1996 నాటివి. వాయిద్యాలూ డ్రమ్ కిట్లూ అన్నీ కలిపి దాదాపు 3.3 ఎంబీ ఫైల్లో ఇరికించారు. రివర్బ్ (గదిలో మోగినట్టు వచ్చే ప్రతిధ్వని) కూడా ఉండదు. అప్పటి కంప్యూటర్లకు అది గొప్పే. పైగా ఇప్పటి విండోస్‌లో డిఫాల్ట్ మిడి పరికరాన్ని మార్చుకునే సెట్టింగే లేదు. అందుకే కూల్‌సాఫ్ట్ వాళ్ల మిడి మ్యాపర్‌తో వర్చువల్‌మిడిసింథ్‌నే డిఫాల్ట్‌గా పెట్టండి. ఇది మరిచిపోయి "ఇన్‌స్టాల్ చేసినా ఏమీ మారలేదు" అనేవాళ్లు చాలామంది.

ఏ సింథ్ మంచిదని కొట్టుకోవడం కన్నా ఏ సౌండ్‌ఫాంట్ వాడాలో చూసుకోవడం మేలు. సింథ్ ఫైల్లోని నోట్లు చదివి సౌండ్‌ఫాంట్‌లోని శాంపిళ్లను మోగిస్తుంది, అంతే. సైజు చూసి మోసపోకండి. గిగాబైటు సౌండ్‌ఫాంట్‌లో పియానో అదిరిపోతుంది, పక్కనే బేస్ వినపడదు, ట్రంపెట్ చెవులు చిల్లులు పొడుస్తుంది. జనరల్‌యూజర్ జీఎస్ దాదాపు 30 ఎంబీయే, కానీ వాయిద్యాల మధ్య బ్యాలెన్స్ బాగా కుదిర్చారు. ఫ్లూయిడ్ ఆర్3 అనే ఇంకో సౌండ్‌ఫాంట్ దాదాపు 140 ఎంబీ. స్ట్రింగ్స్ అందులో నాకు ఇంకా నచ్చుతాయి, గిటార్లు మాత్రం అంతంతమాత్రం.

ఇక డ్రమ్స్ బదులు పియానో రావడం. ఇది సింథ్ నాణ్యత సమస్య కాదు. 1991లో వచ్చిన జనరల్ మిడి అనే ఉమ్మడి ప్రమాణం ప్రకారం 128 వాయిద్యాలకు నంబర్లు ఖాయం, 10వ ఛానల్ డ్రమ్స్‌ది. దాని మీద రోలాండ్ జీఎస్ అనీ, యమహా ఎక్స్‌జీ అనీ ఎవరి పద్ధతి వాళ్లు కలిపారు. యమహా కీబోర్డులు రిథమ్‌ను 9, 10 ఛానళ్లు రెండిట్లోనూ రాస్తాయి. 9వ ఛానల్లో "బ్యాంక్ 127" (బ్యాంక్ అంటే వాయిద్యాల గుంపు నంబరు) అని పంపితే ఎక్స్‌జీ తెలిసిన సింథ్ దాన్ని డ్రమ్ కిట్ అనుకుంటుంది. తెలియనిది పియానో వేసేస్తుంది. అందుకే తాళం పడాల్సిన చోట మీకు పియానో మెట్లు టకటకమంటున్నాయి.

ఫైల్ ఏ పద్ధతిదో తెలుసుకోవడం తేలికే. ఏదైనా సీక్వెన్సర్‌లో (మిడి ఫైళ్లను సవరించే ప్రోగ్రాంలో) తెరిచి ఈవెంట్ లిస్ట్ మొదట్లో సిస్టమ్ ఎక్స్‌క్లూజివ్ లైను, అంటే సింథ్‌కు ఇచ్చే ప్రత్యేక ఆదేశం, చూడండి. ఎఫ్0 తర్వాత 43 ఉంటే యమహా, 41 ఉంటే రోలాండ్, 7ఈ ఉంటే మామూలు జనరల్ మిడి రీసెట్. యమహా అని తేలితే ఫ్లూయిడ్‌సింథ్ అనే ఇంకో ఉచిత సింథ్ వాడి, బ్యాంక్ సెలెక్ట్ సెట్టింగ్‌ను ఎక్స్‌జీ అని మార్చండి. డిఫాల్ట్‌గా అది జీఎస్‌లో ఉంటుంది. లినక్స్ వాళ్లు ఎలాగూ ఎక్కువగా ఫ్లూయిడ్‌సింథే వాడతారు, దానికి బటన్లతో తెర ఇచ్చే క్యూసింథ్ పెట్టుకుంటే కమాండ్ల బాధ ఉండదు.

ఇంకో తలనొప్పి శ్రుతి. పిచ్ బెండ్ (స్వరాన్ని పైకీ కిందికీ జార్చడం) మామూలుగా రెండు సెమీటోన్లే. ఫ్లూట్, షెహనాయ్‌లకు గమకాలు పెట్టేవాళ్లు దాన్ని 12కి పెంచుకుంటారు. ఆ పాట అయ్యాక సింథ్ రీసెట్ కాకపోతే తర్వాతి పాటకూ అదే సెట్టింగ్ మిగిలిపోతుంది, చిన్న బెండ్ కూడా ఎక్కడికో జారిపోతుంది. ఒంటరిగా బాగున్న పాట వరసలో వేస్తే అపశ్రుతి పలికితే కారణం ఇదే. ప్లేయర్‌లో పాటకో రీసెట్ పంపే ఆప్షన్ ఉంటే ఆన్ చేయండి.

తబలా, మృదంగం మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. జనరల్ మిడిలో సితార్, షెహనాయ్ ఉన్నాయి గానీ మన తాళవాద్యాలు లేవు. మీ కీబోర్డులో తబలా మోగిందంటే అది ఆ మోడల్ సొంత శబ్దం, ఏ సింథూ దాన్ని ఊహించి వేయలేదు. ఓపిక ఉంటే పాలీఫోన్ అనే ఉచిత ఎడిటర్‌లో తబలా శాంపిళ్లతో చిన్న సౌండ్‌ఫాంట్ చేసి, అదే బ్యాంక్, ప్రోగ్రామ్ నంబర్లు ఇచ్చి, పెద్దదానితో పాటు లోడ్ చేయండి. నా భజన పాటలకు అలాగే చేసుకున్నాను. డగ్గా గుమ్కీ (ఎడమ తబలా మీద చేయి జార్చితే వచ్చే నాదం) సరిగ్గా రాదు, ఠేకా (మామూలు తాళం వరస) వరకు పనికొస్తుంది.

లేటెన్సీ (మెట్టు నొక్కాక శబ్దం రావడానికి పట్టే ఆలస్యం) గురించి టెన్షన్ వద్దు. చేత్తో కీబోర్డు వాయించేటప్పుడే ఆ గొడవంతా. ఫైల్ ప్లే చేయడానికి బఫర్ (ముందుగా సిద్ధం చేసి ఉంచే శబ్దం) ఎంత పెద్దగా పెట్టుకున్నా నష్టం లేదు, మధ్యలో చిటపటలు రాకుండా ఉంటాయి.

స్టేజీ మీద వేసే పని ఉంటే మాత్రం అక్కడ సింథ్‌ను నమ్ముకోకండి. ఇంట్లోనే ఫ్లూయిడ్‌సింథ్‌తో వేవ్ ఫైల్‌గా రెండర్ చేసి పెట్టుకోండి. నిజ సమయం పట్టదు, నాలుగైదు నిమిషాల పాట సెకన్లలో అయిపోతుంది. గాయకుడికి శ్రుతి మార్చాల్సి వస్తే ముందుగా మిడిలోనే ట్రాన్స్‌పోజ్ చేయండి, 10వ ఛానల్‌నూ, ఎక్స్‌జీ ఫైలైతే 9వ ఛానల్‌నూ వదిలేసి. లేకపోతే బేస్ డ్రమ్ పడాల్సిన చోట ఇంకేదో మోగుతుంది.