సికిల్ సెల్ ట్రెయిట్ ఉన్నవాళ్లు రక్తం ఇవ్వొచ్చా? ఇదివరకు ఇచ్చిన రక్తం సంగతేంటి?

పెళ్లికి ముందు చేయించుకున్న హెచ్‌పీఎల్‌సీ పరీక్షలో (రక్తంలో ఏ రకం హిమోగ్లోబిన్ ఎంత ఉందో చెప్పేది) సికిల్ సెల్ ట్రెయిట్ (అమ్మానాన్నల్లో ఒక్కరి నుంచే సికిల్ జన్యువు రావడం, జబ్బు కాదు) అని తేలిందని, ఇకపై రక్తం ఇవ్వొచ్చా అని, ఇన్నేళ్లు క్యాంపుల్లో ఇచ్చిన రక్తం ఎవరికైనా హాని చేసిందేమో అని అడిగారు. ఆ చివరి మాటే మిమ్మల్ని ఎక్కువ టెన్షన్ పెడుతున్నట్టుంది, ముందు దానికే జవాబు చెబుతాను. చాలా ఏళ్లు బ్లడ్ బ్యాంకులో టెక్నీషియన్‌గా పనిచేశాను.

ప్రమాదంలో రక్తం పోయినవాళ్లకి, కాన్పుకో ఆపరేషన్‌కో వచ్చినవాళ్లకి మీ రక్తం మిగతా అందరి రక్తంలాగే ఉపయోగపడి ఉంటుంది. ట్రెయిట్ ఉన్నవాళ్లలో హెచ్‌బీ ఎస్ (సికిల్ రకం హిమోగ్లోబిన్) సాధారణంగా 35-40 శాతం ఉంటుంది, మిగతాది దాదాపు అంతా మామూలు హెచ్‌బీ ఏ. పైగా ఇది అంటుకునేది కాదు. మీ రక్తం ఎక్కించుకున్నవాళ్లకి మీ జన్యువు రాదు, ఆ ఎర్రకణాలు నాలుగు నెలల్లోపే వాళ్ల ఒంట్లోంచి పోతాయి. నిశ్చింతగా ఉండండి.

మరి ఇన్నిసార్లు ఇస్తే ఎవరూ ఎందుకు కనిపెట్టలేదంటారా? క్యాంపులో వేలి చివర తీసిన చుక్కని నీలం రంగు కాపర్ సల్ఫేట్ ద్రావణంలో వేస్తారు. మునిగితే హిమోగ్లోబిన్ కనీసం 12.5 గ్రాములు ఉన్నట్టే. అది చాలినంత ఉందో లేదో తెలుస్తుంది గానీ ఏ రకమో తెలియదు. ఆ తర్వాత బ్యాగుకి తప్పనిసరిగా చేసేవి హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్, మలేరియా పరీక్షలు. హెచ్‌బీ ఎస్ ఆ జాబితాలో లేదు.

అసలు విషయం బ్యాగు ఎవరికి వెళ్తుందన్నదే. సికిల్ సెల్ జబ్బు (ఎర్రకణాలు కొడవలి ఆకారంలోకి మారి రక్తనాళాల్లో అడ్డుపడే జబ్బు) ఉన్న మనిషికి పక్షవాతమో, ఊపిరితిత్తుల సమస్యో వస్తే కొన్నిసార్లు రక్తం మార్పిడి చేస్తారు, అంటే ఒంట్లో రక్తం తీసేస్తూ దాత రక్తం ఎక్కిస్తారు. ఒంట్లో హెచ్‌బీ ఎస్‌ని 30 శాతం కిందకి తేవాలని డాక్టర్లు చూస్తుంటే, ఎక్కించే బ్యాగులోనే 40 శాతం ఉంటే ఏం లాభం? రక్తమార్పిడి చేయాల్సిన పసిపిల్లలకి, కడుపులో ఉండగానే రక్తం ఎక్కించాల్సిన బిడ్డలకి కూడా ఇలాంటి బ్యాగు వాడకూడదు. నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇంకొకటి. సికిల్ సెల్ పేషెంటు కోసం రక్తం ఇవ్వడానికి ముందుకొచ్చేది అన్నదమ్ములు, మేనమామలు, తల్లిదండ్రులు. ట్రెయిట్ ఉండే అవకాశం ఎక్కువగా ఉన్నదీ వాళ్లకే.

తరచూ రక్తం ఎక్కించాల్సిన తలసేమియా పిల్లల విషయంలో ఇంకో చిక్కు. ఒక పాపకి రక్తం ఎక్కించిన కొద్దిరోజులకి హెచ్‌పీఎల్‌సీ చేస్తే చిన్న ఎస్ పీక్ (హెచ్‌బీ ఎస్ ఉన్నట్టు గ్రాఫులో కనిపించే గుర్తు) కనిపించింది. తల్లిదండ్రులిద్దరూ తలసేమియా మైనర్ (జబ్బు లేకుండా జన్యువు మాత్రమే ఉన్నవాళ్లు), ఎవరికీ ఎస్ లేదు. పాపకి ఇంకో జబ్బు కూడా అంటుకుందని ఆ తల్లి వణికిపోయింది. బ్యాగు నంబరు పట్టుకుని దాతని పిలిపించి పరీక్షిస్తే ట్రెయిట్. ఎంతో ఆరోగ్యంగా, క్రమం తప్పకుండా రక్తం ఇచ్చే మనిషి. నెలల తర్వాత మళ్లీ చేస్తే పాప రిపోర్టులో ఆ పీక్ లేదు. ట్రెయిట్ ఉన్నవాళ్ల బ్యాగులు కొన్ని, తెల్లకణాలు తీసేసే ఫిల్టర్‌లో కూడా చుక్క చుక్కగా దిగి మధ్యలో ఆగిపోతాయి. అలా ఆగిన బ్యాగుని పారేసి ఊరుకోకుండా ఆ దాతకి సికిల్ పరీక్ష చేయడం మంచిది.

అందుకే నా అభిప్రాయం, పాడేరు, భద్రాచలం, ఉట్నూరు లాంటి ఏజెన్సీ ప్రాంతాల్లో తరచూ రక్తం ఇచ్చేవాళ్లందరికీ ఒక్కసారి సికిల్ పరీక్ష చేయాలి. పుట్టుకతో వచ్చిన ఫలితం, ఎన్నేళ్లయినా మారదు, రికార్డులో రాసుకుంటే చాలు. సాల్యుబిలిటీ పరీక్షకి (హెచ్‌బీ ఎస్ ఉందో లేదో చూసేది) ఖర్చు కూడా తక్కువే: ట్యూబు వెనక గీతలు పెట్టి చూస్తారు, రక్తం కలిపిన ద్రావణం మబ్బుగా మారి గీతలు కనపడకపోతే హెచ్‌పీఎల్‌సీతో ఖరారు చేసుకోవాలి. 2023లో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్‌లో గిరిజన ప్రాంతాల్లో జనానికి పరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు. ఆ కార్డున్నవాళ్లు రక్తం ఇచ్చేటప్పుడు చూపిస్తే ఎంత మేలో.

ఇక మీరు ఇవ్వొచ్చా అంటే, ట్రెయిట్ ఉన్నంత మాత్రాన రక్తం ఇస్తే మీకు ప్రమాదమేమీ లేదు. బ్రిటన్, అమెరికాలో ఇలాంటివాళ్ల దగ్గర తీసుకుంటారు. మీరు మాత్రం ఈసారి ఫారం నింపేటప్పుడు ఆ విషయం రాసి, మెడికల్ ఆఫీసర్‌కి రిపోర్టు చూపించండి. తీసుకోవాలా, తీసుకుంటే ఎవరికి పంపాలి అన్నది వాళ్లు నిర్ణయిస్తారు. వద్దంటే నొచ్చుకోకండి.

పెళ్లి మాట చెప్పారు కాబట్టి ఇదీ చెప్పాలి. అమ్మాయికి కూడా హెచ్‌పీఎల్‌సీయే చేయించండి. సాల్యుబిలిటీ పరీక్షలో తలసేమియా మైనర్ బయటపడదు. ఆమెకి ఎస్ గానీ, బీటా తలసేమియా మైనర్ గానీ ఉంటే ప్రతి కాన్పులోనూ జబ్బుతో బిడ్డ పుట్టే అవకాశం నాలుగింట ఒకటి, అప్పుడు ముందుగానే జెనెటిక్ కౌన్సెలింగ్‌కి వెళ్లాలి. ఆమె రిపోర్టు నార్మల్ అయితే పిల్లలకి మహా అయితే మీలాగే ట్రెయిట్ వస్తుంది. మీ అన్నదమ్ములకి, అక్కచెల్లెళ్లకి కూడా చెప్పి పరీక్ష చేయించండి.