ఆ చుక్కల సీసా మూత తీసే ముందు

అమ్మాజీకి,

మొన్న ఫోన్లో అరిచానని నొచ్చుకున్నావట, మీ అమ్మ చెప్పింది. అరిచింది నీ మీద కాదు. మీ అమ్మ శుక్లాల ఆపరేషన్ తర్వాత ఫ్రిజ్ తలుపులో మిగిలిపోయిన స్టెరాయిడ్ కంటి చుక్కల సీసా మీద. కోనసీమలో అలాంటి సీసా లేని ఇల్లు వెతకాలి. కుక్క కన్ను ఎర్రబడిందంటే చెయ్యి ముందు దాని మీదికే పోతుంది.

నా చెయ్యీ అలాగే పోయింది. నువ్వప్పుడు చిన్నపిల్లవి. దాళ్వా నూర్పిళ్ల రోజులు. మా నాటు కుక్క పొద్దస్తమానం కళ్లంలో దొర్లి, ఓ సాయంత్రం ఎడమ కన్ను చికిలించుకుంటూ వచ్చింది. పశువుల ఆసుపత్రిలో ఇరవై ఏళ్లు కంపౌండరుగా చేసినవాణ్ణి, నాకు తెలీదా అనుకుని మీ అత్తయ్య కంటి చుక్కలు దానికి వేశాను. మర్నాటికి ఎరుపు తగ్గింది, కన్ను తెరిచింది. మీ అత్తయ్య దగ్గర గొప్పలు కూడా పోయాను. నాలుగో రోజు పొద్దున చూస్తే నల్లగుడ్డు మీద నీలం పొర, మధ్యలో లేత ముంజెలా మెత్తబడిన చోటు. మూడో రెప్ప కింద ఇరుక్కున్న ఊక ముక్క అన్నాళ్లూ గీరుతూనే ఉంది. డాక్టరుగారు నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. గుడ్డు నిలిచింది గానీ చూపు పోయింది. ఆ తర్వాత ఎడమ పక్క నుంచి సైకిలు వస్తే, మీదికొచ్చేదాకా దానికి తెలిసేది కాదు.

స్టెరాయిడ్ చేసేది అదే. వాపు, ఎరుపు, నొప్పి అణుస్తుంది. కానీ కంటి పైన అద్దంలా ఉండే పొర, కార్నియా, దాని మీద గీత ఉంటే, దాన్ని మాననివ్వదు. సూక్ష్మక్రిములకు అడ్డు తీసేస్తుంది, పొర కరిగిపోవడానికి దారి ఇస్తుంది. మనకేమో తగ్గినట్టే కనిపిస్తుంది. అందుకే ముందు రంగు పరీక్ష. ఫ్లోరెసిన్ అనే నారింజ రంగు కాగితం పట్టీ తడిపి కంటికి తాకించి, కడిగి, నీలం లైటులో చూస్తారు. పుండు ఉంటే ఆకుపచ్చగా వెలుగుతుంది. నిమిషాల్లో అయిపోయే పని. ఆ పరీక్ష చెయ్యకుండా చుక్కలు రాసిచ్చేవారి దగ్గర, కాస్త మొహమాటం పక్కనపెట్టి, ‘రంగు వేసి చూస్తారా అండీ’ అని అడుగు.

సీసా మీది పేరు కూడా చదువు. ప్రెడ్నిసోలోన్, డెక్సామెథసోన్, బీటామెథసోన్, లోటెప్రెడ్నాల్, ఇవన్నీ స్టెరాయిడ్లే. మోసం చేసేవి కలిపిన మందులు. యాంటీబయాటిక్ పేరు చివర డి అనో, డెక్స్ అనో తోక ఉంటే చాలాసార్లు లోపల స్టెరాయిడ్ కలిసి ఉంటుంది.

నీ పగ్ కుక్కకి పుండు లేదు, లోపలి వాపు, యువియైటిస్ అన్నారన్నావు. గోమార్ల జ్వరం అనుమానంతో రక్తం కూడా తీశారుగా, మంచి పని. ఆ వాపుకి ప్రెడ్నిసోలోన్ చుక్కలే సరైన మందు, భయపడి మానెయ్యకు. అది తెల్లగా అడుగున పేరుకుంటుంది, వేసేముందు ప్రతిసారీ సీసా బాగా కుదుపు, లేకపోతే వట్టి నీళ్లు వేసినట్టే. చేతులు కడుక్కో. దాని ఎదురుగా కాదు, వెనక కూర్చో. గడ్డం పైకెత్తి, పైరెప్ప కొంచెం లాగి, వెనక నుంచి ఒక్క చుక్క. రెండు చుక్కలు వేసినా కంట్లో నిలిచేది ఒక్కటే. సీసా మొన కంటికి, వెంట్రుకలకి తగలకూడదు. ఇంకో మందు ఉంటే అయిదు నిమిషాలు ఆగాలి. ఆయింట్‌మెంట్ ఆఖర్న.

ఎరుపు తగ్గిందని మధ్యలో ఆపకు. వాపు మళ్లీ తిరగబడొచ్చు. డాక్టరుగారు చెప్పినట్టు రోజుకి ఇన్నిసార్ల నుంచి మెల్లగా తగ్గిస్తూ రావాలి. కానీ కన్ను చికిలించినా, పంజాతో రుద్దుకున్నా, నీలిపొర కనిపించినా తర్వాతి చుక్క వెయ్యకుండా వెంటనే డాక్టరుగారికి ఫోన్ చెయ్యి. పగ్ కళ్లు బయటికి ఉబ్బి ఉంటాయి, మంచం కోడు తగిలినా గీత పడుతుంది. మెడకి ఆ ప్లాస్టిక్ గరాటు ఉంచడం ఎంత గోలైనా తీయొద్దు. చిన్న ఒళ్లు కాబట్టి చుక్కల మందు కూడా కొంత రక్తంలో కలుస్తుంది, నీళ్లు మరీ ఎక్కువ తాగుతుంటే చెప్పు. కాలునొప్పికి ఇదివరకు ఇచ్చిన మెలోక్సికామ్ ఇంట్లో ఉంటే ఆ సంగతీ చెప్పు. స్టెరాయిడ్ మాత్రలు కూడా రాస్తే రెండూ కలిసి కడుపులో పుండ్లు పెట్టొచ్చు.

ఇక నీ పిల్లి. దాని కన్ను కారితే కుక్క సీసా దాని దగ్గరికి తేవద్దు. పిల్లుల్లో తుమ్ములతో పాటు కళ్లు కారడానికి ఎక్కువగా హెర్పిస్ వైరస్ కారణం. అది ఒంట్లోనే దాక్కుని ఉంటుంది, స్టెరాయిడ్ పడితే లేచి కూర్చుంటుంది. పిల్లిలో కూడా కొన్ని కంటి జబ్బులకి స్టెరాయిడ్ వాడతారు, కాకపోతే అది చూసినవారు చెప్పాలి, నువ్వూ నేనూ కాదు.

సీసా తెరిచిన తేదీ పెన్నుతో దాని మీదే రాయి, నెల దాటితే పారెయ్యి. మీ అమ్మ సీసా మాత్రం ఇవాళే.

ఆదివారం రావులపాలెం బస్సులో వస్తాను, పట్టుకునే పద్ధతి చూపిస్తాను. గోమార్లు తీసే పట్టకారు కూడా తెస్తా, చెవుల లోపల ముందే వెతికి ఉంచు.

మీ మావయ్య