మీ ప్రశ్న – మా జవాబు: చీకటి గదిలో ప్రొటీన్ స్ఫటికాలు

ప్రశ్న: నేను కాకతీయ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ పూర్తిచేశాను. కాంతికి స్పందించే ప్రొటీన్లను ఎక్స్-రే క్రిస్టలోగ్రఫీతో (స్ఫటికంపై ఎక్స్-రేలు పంపి అణువుల ఆకృతిని తెలుసుకునే పద్ధతి) అధ్యయనం చేసే ప్రాజెక్టుకు జూనియర్ రీసెర్చ్ ఫెలో కావాలన్న ప్రకటన చూశాను. ఇంటర్‌లో ఎంపీసీ చదివిన నాకు జీవశాస్త్రం అంతగా రాదు. పైగా ప్రొటీన్ల ఆకృతిని ఇప్పుడు కంప్యూటరే చెప్పేస్తోందంటున్నారు. దరఖాస్తు చేయమంటారా?
– పాఠకురాలు, హనుమకొండ

జవాబు: తప్పకుండా చేయండి. ఎంపీసీ నేపథ్యం ఇక్కడ లోటు కాదు. ప్రొటీన్ గొలుసు ఏయే కోణాల్లో మెలితిరగగలదో 1963లో సహచరులతో కలిసి లెక్కగట్టి, నేటికీ ప్రతి కొత్త నిర్మాణాన్నీ సరిచూసుకునే పటాన్ని ఇచ్చిన జి.ఎన్. రామచంద్రన్ భౌతికశాస్త్రం నుంచి వచ్చినవారే.

అయితే ప్రకటనలో ‘ఎక్స్-రే’ అని ఉంది కదా అని రోజంతా యంత్రం ముందే గడుస్తుందనుకోవద్దు. ప్రొటీన్‌ను బ్యాక్టీరియాలో తయారుచేయించడం, శుద్ధిచేయడం, స్ఫటికం కట్టించడం – అసలు కాలమంతా వీటికే పోతుంది. ఇవి పటికబెల్లం పలుకుల్లా కట్టవు. లవణం, ఆమ్లత, ఉష్ణోగ్రత మార్చుకుంటూ కంటికి ఆనని చుక్కల్లో వందల మేళవింపులు చూడవలసి వస్తుంది. కాంతికి స్పందించే ప్రొటీన్లతో ఇంకో చిక్కు కూడా ఉంది: గదిలోని దీపమే ప్రయోగాన్ని ముందుగా మొదలుపెట్టేస్తుంది. నీలికాంతిని గ్రహించే క్రిప్టోక్రోమ్‌తో మసక ఎర్రదీపం కింద పని సాగుతుంది కానీ, మొక్కల్లో ఎరుపును గ్రహించే ఫైటోక్రోమ్‌కు ఆ ఎరుపే పనికిరాదు కాబట్టి అక్కడ మసక పచ్చదీపం పెట్టుకుంటారు. గంటల తరబడి అటువంటి గదిలో పిపెట్ పట్టుకోవడం అందరికీ నచ్చదు. ఈ సంగతి చేరకముందే తెలుసుకోవడం మంచిది.

ఇక కంప్యూటర్ మాట. ప్రొటీన్ల ఆకృతిని అంచనావేసే ఆల్ఫాఫోల్డ్ ప్రోగ్రామ్ రూపకర్తలకు 2024లో రసాయనశాస్త్ర నోబెల్‌లో వాటా దక్కింది, అది న్యాయమే. స్ఫటికం చెదరగొట్టిన ఎక్స్-రేలు ఏర్పరిచే వివర్తన చిత్రంలో కిరణాల తీవ్రత మాత్రమే నమోదై దశ (తరంగాల ఎత్తుపల్లాలు ఎక్కడ పడుతున్నాయన్న సమాచారం) పోతుంది. ఆ దశను తిరిగి రాబట్టడానికి కంప్యూటర్ అంచనా ఎంతో ఉపకరిస్తుంది. కానీ ఆ అంచనా ప్రధానంగా ఒక స్థిరమైన ఆకృతినే చూపుతుంది. కాంతి తగలగానే కంటిలోని రొడాప్సిన్‌లో రెటినాల్ అణువు సెకనులో లక్షకోటవ వంతు కన్నా తక్కువ కాలంలో మెలితిరుగుతుంది. ఆ కదలిక చుట్టూ ఉన్న ప్రొటీన్‌లోకి ఎలా పాకుతుందన్నది కొలిచి తెలుసుకోవలసిందే. ఉప్పునీటి సూక్ష్మజీవిలోని బ్యాక్టీరియోరొడాప్సిన్ విషయంలో జపాన్‌లోని సాక్లా ఎక్స్-రే లేజర్‌తో నానోసెకన్ల నుంచి మిల్లీసెకన్ల దాకా వరుస చిత్రాలు తీసి 2016లో ప్రచురించారు. అక్కడ ఒక్కో స్ఫటికం ఆ లేజర్ తీవ్రతకు నాశనమైపోతుంది, అయినా అంతకు ముందే వివర్తన చిత్రం నమోదవుతుంది. మీ భౌతికశాస్త్రానికి పని దొరికేది ఇక్కడే.

ముందుగా నెట్ లేదా గేట్ అర్హత అడిగారేమో చూసుకోండి. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్‌కు నెలకు 37,000 రూపాయలు. ఇంటర్వ్యూలో మీరూ అడగవలసినవి ఉన్నాయి: ఆ ప్రొటీన్‌కు ఇప్పటికే స్ఫటికాలు వస్తున్నాయా, ఇండోర్‌లోని ఇండస్-2 సింక్రోట్రాన్‌లో (బలమైన ఎక్స్-రేలనిచ్చే భారీ యంత్రం) గానీ విదేశాల్లో గానీ ప్రయోగానికి సమయం ఖరారైందా, పీహెచ్‌డీకి నమోదయ్యే వీలుందా? స్ఫటికాలే రాని ప్రొటీన్ చేతిలో పడితే ప్రాజెక్టు గడువు అంతా దానికే ఖర్చయిపోవచ్చు కాబట్టి మొదటి ప్రశ్నకు జవాబు స్పష్టంగా రాబట్టండి.

ప్రశ్న: మా అమ్మాయి ఇలాంటి ప్రయోగశాలలోనే చేరింది. రోజూ ఎక్స్-రేల దగ్గర ఉంటే ఆరోగ్యానికి హాని లేదా?
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: నిబంధనలు పాటించే ప్రయోగశాలలో భయపడనవసరం లేదు. కిరణపుంజం రక్షణ కవచమున్న గదిలోనే ఉంటుంది, తలుపు తెరిస్తే ఆగిపోతుంది; దేశంలో ఇటువంటి పరికరాలు అణుశక్తి నియంత్రణ మండలి పర్యవేక్షణలో ఉంటాయి. నిజానికి దెబ్బతినేది స్ఫటికమే. క్రిప్టోక్రోమ్ వంటి వాటిలో ఉండే ఫ్లావిన్ అనే కాంతిని గ్రహించే అణువును ఎక్స్-రేలే క్షయకరణం చేసి (ఎలక్ట్రాన్లను చేర్చి), కాంతి చేసిన మార్పేమో అని భ్రమింపజేస్తాయి. ఇటువంటి నష్టాన్ని తగ్గించడానికే స్ఫటికాన్ని సుమారు 100 కెల్విన్‌కు చల్లబరుస్తారు. మీ అమ్మాయిని జాగ్రత్తగా ఉండమనవలసింది ఆ చల్లదనాన్నిచ్చే ద్రవ నైట్రోజన్ విషయంలో: చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు ఉండాలి, అది ఆవిరై గదిలోని ఆక్సిజన్‌ను తగ్గిస్తుంది కాబట్టి గాలి ఆడని గదిలో వాడకూడదు. ప్రొటీన్‌పై కాంతి పంపడానికి లేజర్ వాడే రోజున దాని తరంగదైర్ఘ్యానికి తగిన కళ్లద్దాలే పెట్టుకోవాలి.